కూలి పెరిగితే పని తగ్గునా? – సాధన చలరాశులపై ఒక విచారణ

మన ఉత్తర తెలంగాణ జిల్లాలలో ఒక మాట తరచుగా వినవస్తుంది. కూలి రేటు పెంచిన కొలది కూలివారు పనికి రావడం మానుకుంటారనీ, నాలుగు రోజుల కూలి రెండు రోజులకే దొరికినప్పుడు మిగిలిన రెండు రోజులు ఇంటిపట్టున ఉంటారనీ ఆ మాట సారాంశం. పొలముగల రైతు నోట తెలుగులోను, పట్టణములోని దుకాణదారు నోట ఉర్దూలోను ఇదే అభిప్రాయం వెలువడుతుంది. బీడీలు చుట్టే స్త్రీలకు భృతి ఇచ్చినప్పుడు, గ్రామాలలో ఉపాధి హామీ పనులు సాగినప్పుడు ఈ విమర్శ మరింత బిగ్గరగా వినిపించింది. లక్షలాది కుటుంబాల కూలి రేటును గురించి నిర్ణయాలు చేసేవారు సైతం ఇట్టి అభిప్రాయాలకు లోబడుతుంటారు. కావున ఇది నిజమా కాదా అని తేల్చుకొనడం కేవలం పుస్తక పాండిత్యమునకు సంబంధించిన విషయం కాదు.

అర్థశాస్త్రంలో ఈ మాటకు ‘వెనుకకు వంగే శ్రమ సప్లయి రేఖ’ అనే గౌరవప్రదమైన పేరు కలదు. వేతనం పెరిగినప్పుడు రెండు శక్తులు ఏకకాలంలో పనిచేస్తాయి. ఒక గంట విశ్రాంతి తీసుకున్నందువల్ల కోల్పోయే కూలి పెరుగుతుంది గనుక మనిషి ఎక్కువ పని చేయగోరుతాడు. ఇది ప్రత్యామ్నాయ ప్రభావం. చేసిన పనికే ఎక్కువ ఆదాయం వస్తుంది గనుక కొంత విశ్రాంతిని కోరుకుంటాడు; ఇది ఆదాయ ప్రభావం. ఈ రెండింటిలో ఏది బలమైనదో సిద్ధాంతం చెప్పజాలదు. కొలిచి చూడవలసినదే. అయితే కొలత ఫలితం కొలిచే పద్ధతిపై ఆధారపడి ఉంటుంది. ఈ పద్ధతుల తారతమ్యాన్ని మన విద్యార్థులకు పరిచయం చేయడమూ, దాని వెలుగులో ఒక ప్రతిపాదన చేయడమూ ఈ వ్యాసం ఉద్దేశం.

వేతనాలను, పనిగంటలను పక్కపక్కన వ్రాసి సాధారణ కనిష్ఠ వర్గ పద్ధతిలో ఒక గీత గీస్తే సరిపోదా అని కొందరు అడుగవచ్చు. సరిపోదు. నాట్ల కాలంలో కూలి పెరుగుతుంది, పనిదినాలూ పెరుగుతాయి. అంతమాత్రాన కూలి పెరిగినందువల్లనే జనం ఎక్కువ పని చేశారనలేము. పని ఎక్కువగా ఉన్నందువల్ల కూలి పెరిగిందని కూడా చెప్పవచ్చు. సప్లయి, డిమాండు అను రెండు రేఖలు కలిసిన బిందువులు మాత్రమే మన కంటికి కనబడతాయి, రేఖలు కనబడవు. ఈ చిక్కును విప్పే మార్గాన్ని అమెరికా ఆర్థికవేత్త ఫిలిప్ రైట్ 1928లో నూనెల దిగుమతి సుంకాలపై వ్రాసిన గ్రంథపు అనుబంధంలో చూపించాడు. ఒక రేఖను మాత్రమే కదిలించి రెండవదానిని తాకని బాహ్య కారణం ఒకటి దొరికితే, ఆ కదలిక వెంట రెండవ రేఖ వాలును కనిపెట్టవచ్చు. ఆ బాహ్య కారణమునే సాధన చలరాశి అంటారు.

సాధన చలరాశికి రెండు గుణములుండవలెను. మొదటిది, అది వేతనాన్ని నిజముగా కదిలించవలెను. రెండవది, అది పనిగంటలను వేతనమనే ఒక్క ద్వారం గుండానే చేరవలెను. వేరే దొడ్డిదారి ఉండరాదు. మొదటి గుణాన్ని అంకెలతో పరీక్షించవచ్చు. రెండవదానిని పూర్తిగా పరీక్షించడానికి ఏ సూత్రమూ లేదు. అందుకు ఆ ప్రాంతపు మనుషులను, పంటలను, ఇండ్లను ఎరిగి ఉండవలెను. మన కళాశాల వంటి చోట చదువుకునేవారికి ఇందులో ఒక ప్రత్యేకమైన పాత్ర ఉన్నదని మా నమ్మకం.

వర్షపాతమునే ఉదాహరణగా తీసుకుందాము. వాన ఎవరి చేతిలోనూ లేదు. వాన బాగా కురిస్తే పొలంపనికి డిమాండు పెరిగి కూలి పెరుగుతుంది. కావున ఇది మంచి సాధనమని పలువురు పరిశోధకులు భావించారు. సీమా జయచంద్రన్ 2006లో ప్రకటించిన పరిశోధనలో వర్షపాతాన్ని ఆధారంగా తీసుకొని, ఎక్కడ జనం బీదవారై, అప్పు పుట్టక, వలసపోయే వీలు లేక ఉంటారో అక్కడ పంట దెబ్బతిన్న ఏడాది కూలి మరింత తీవ్రంగా పడిపోతుందని చూపించారు. గత్యంతరం లేని మనిషి ఎంత తక్కువకైనా పనికి సిద్ధపడతాడన్నమాట. ఈ నిర్ణయం మన అనుభవానికి సరిపోతుంది. కాని ఆదిలాబాదు పత్తి నేలలలో రెండెకరాలు గల చిన్న రైతు పరులకు కూలికి పోయే రోజులను ఇదే సాధనముతో కొలవబూనితే చిక్కు వస్తుంది. వాన కురిసిన రోజున అతని సొంత చేను కూడ అతనిని పిలుస్తుంది, అదే దొడ్డిదారి. నాటి మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి మొదలైన గ్రామాలలో ఇక్రిశాట్ సంస్థ 1975 నుండి సేకరించిన వివరాలను అంజినీ కొచ్చర్ పరిశీలించి 1999లో ప్రకటించిన వ్యాసం ఈ సంగతినే మరొక వైపు నుండి తెలుపుతుంది: సొంత పంట దెబ్బతిన్నప్పుడు పురుషులు బయటి కూలిపని పెంచుకొని ఆ నష్టాన్ని పూడ్చుకొనజూస్తారు. కావున ఒకే వాన భూమి లేనివానికి ఒక విధంగాను, కొద్ది భూమి గలవానికి మరొక విధంగాను పనిచేస్తుంది.

ఇక బీడీల సంగతి చూద్దాము. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ప్రాంతాలలోను, ఉమ్మడి ఆదిలాబాదులోని నిర్మల్ ప్రాంతంలోను తునికాకు, తంబాకు ఇంటికి తెచ్చుకొని బీడీలు చుట్టడం స్త్రీల ప్రధాన జీవనాధారాలలో ఒకటి. వీరికి గంటల లెక్కన కూలి ఉండదు; వేయి బీడీలకు ఇంత అని లెక్క. సర్వే చేసేవారు వచ్చిన డబ్బును చెప్పిన గంటలతో భాగించి గంట వేతనం కడతారు. ఊహకు ఒక స్త్రీ ఎనిమిది గంటలు కూర్చొని 240 రూపాయలు సంపాదించినదనుకుందాము. నిజమైన గంట వేతనం 30 రూపాయలు. వంట మధ్య, పిల్లల మధ్య సాగే పనికి గడియారం ఉండదు గనుక ఆమె పది గంటలని చెప్పితే వేతనం 24గా తేలుతుంది. ఆరు గంటలని చెప్పితే 40 అవుతుంది. అనగా, గంటలు ఎక్కువగా చెప్పినవారికి వేతనం తక్కువగాను, తక్కువగా చెప్పినవారికి వేతనం ఎక్కువగాను కాగితంపై కనబడుతుంది. మనుషుల ప్రవర్తనలో ఏ మార్పూ లేకుండానే ‘కూలి పెరిగితే పని తగ్గింది’ అనే గీత తయారవుతుంది! దీనిని జార్జ్ బోర్హాస్ 1980లో భాగహార దోషముగా వివరించాడు. మన జిల్లాలలో వినవచ్చే ఆ మాటకు కొంత బలం ఇట్టి లెక్కల నుండి వచ్చినా ఆశ్చర్యపడనక్కర లేదు.

ఈ దోషానికి విరుగుడు చెప్పిన గంటలతో ప్రమేయం లేని మరొక కొలత. ఒక గంటలో ఆమె ఎన్ని బీడీలు చుట్టగలదో కండ్లతో చూచి లెక్కించి, దానిని వేయి బీడీల రేటుతో గుణిస్తే వచ్చే వేతనాన్ని సాధనముగా వాడవచ్చు. జ్ఞాపకములోని పొరపాటు ఇందులో చొరబడదు. కాని ఇంతటితో సమస్య తీరిందనుకోరాదు. ఏళ్ల తరబడి ఎక్కువ గంటలు కూర్చున్నందువల్లనే ఆమె వ్రేళ్లకు ఆ వేగం వచ్చియుండవచ్చు. అప్పుడు వేగం పనికి కారణమా, ఫలితమా అనే ప్రశ్న తిరిగి తలయెత్తుతుంది. థామస్ మ్రోజ్ 1987లో ప్రకటించిన ప్రసిద్ధ పరిశోధన సరిగ్గా ఇట్టి ప్రశ్నపైననే నడిచింది. అతడు 1975 నాటి 753 మంది అమెరికా వివాహిత స్త్రీల వివరాలను తీసుకొని, ఒకే సమాచారంపై వేర్వేరు ఊహలతో లెక్కలు కట్టి చూచాడు. పని అనుభవాన్ని బాహ్య కారణంగా ఎంచినప్పుడు వేతన ప్రభావం పెద్దదిగా వచ్చింది. ఆ ఊహను వదలినప్పుడు అది చిన్నదైపోయింది. స్త్రీలు మారలేదు, అంకెలు మారలేదు. సాధనం మారింది, జవాబు మారింది.

పరదేశంలో పనికివచ్చిన సాధనం మన గడపలో పనికి రాకపోవచ్చుననడానికి మరొక నిదర్శనం కలదు. పిల్లల సంఖ్య తల్లి పనిని ఎంత తగ్గిస్తుందో తెలుసుకొనడానికి జాషువా ఆంగ్రిస్ట్, విలియం ఎవాన్స్ 1998లో ఒక చమత్కారమైన ఉపాయం పన్నారు. మొదటి ఇద్దరూ ఆడపిల్లలో, ఇద్దరూ మగపిల్లలో అయితే అమెరికాలో దంపతులు మూడవ బిడ్డను కనే అవకాశం కొంత పెరుగుతుంది. ఆ పొందిక దైవాధీనం గనుక అది సాధనమవుతుంది. ఆ విధంగా కట్టిన అంచనాలో పిల్లల ప్రభావం సాధారణ పద్ధతి చూపినదానికంటె తక్కువగా తేలింది. ఇదే సాధనాన్ని కోరుట్లకో, నిర్మల్‌కో తెస్తే ఏమవుతుంది? ఇక్కడ ఇద్దరు ఆడపిల్లలు గల తల్లి వారి పెండ్లి ఖర్చు తలచుకొని ఎక్కువ బీడీలు చుట్టవచ్చు. ఎదిగిన ఆడపిల్లలు పక్కన కూర్చొని ఆకు కత్తిరించి, కట్టలు కట్టి తల్లికి తోడ్పడతారు. పిల్లల సంఖ్యతో నిమిత్తం లేకుండానే ఆడ, మగ పొందిక తల్లి పనిగంటలను మార్చివేస్తుంది. ద్వారం ఒకటి కాదు, మూడు! పుస్తకంలో నిర్దోషిగా నిలిచిన సాధనం మన వాకిట దోషి అవుతుంది. ఈ సంగతి చెప్పగలవారు ఆ వాకిలి ఎరిగినవారే.

ఇప్పుడు అంచనా సూత్రముల తారతమ్యం చూద్దాము. ఒక వేతనానికి ఒకే సాధనం ఉన్నప్పుడు తగవు లేదు. రెండంచెల కనిష్ఠ వర్గ పద్ధతి అయినా, 1949లో ఆండర్సన్, రూబిన్ ప్రతిపాదించిన పరిమిత సమాచార గరిష్ఠ సంభావ్యతా పద్ధతి అయినా ఒకే జవాబు ఇస్తాయి. సాధనాలు ఎక్కువై, ప్రతి ఒక్కటీ బలహీనమైనప్పుడు దారులు చీలుతాయి. రెండంచెల పద్ధతి మనము వదిలించుకోదలచిన సాధారణ పద్ధతి దోషంవైపే తిరిగి ఒరుగుతుంది. రెండవ పద్ధతి ఆ వైపు అంతగా ఒరగదు, కాని దాని అంచనా విస్తృతంగా చెదురుతుంది. దోష పదపు విస్తృతి మనిషికి మనిషికి మారినప్పుడు సాధారణీకృత ఘాతికల పద్ధతి పెద్ద శాంపిల్‌లో మరింత నిశితమైన జవాబు ఇస్తుంది. చిన్న శాంపిల్‌లో ఆ నిశితత్వాన్ని నమ్మడం ప్రమాదకరం.

ఈ బలహీనత ఎంత మోసకారియో ఒక్క ఉదాహరణ చాలును. ఆంగ్రిస్ట్, అలన్ క్రూగర్ 1991లో పుట్టిన త్రైమాసికాన్ని సాధనముగా చేసికొని చదువువల్ల పెరిగే సంపాదనను లక్షలాది జనగణన వివరాలతో అంచనా వేశారు. 1995లో బౌండ్, జేగర్, బేకర్ అనువారు పుట్టిన త్రైమాసికాలకు బదులు యాదృచ్ఛికంగా కల్పించిన త్రైమాసికాలను వాడి చూడగా దాదాపు అటువంటి జవాబే వచ్చింది. లక్షల సంఖ్యలో వివరాలున్నంత మాత్రాన బలహీన సాధనం బలపడదని లోకం గ్రహించింది. మొదటి అంచెలో ఎఫ్ విలువ పదికి మించవలెనని స్టైగర్, స్టాక్ 1997లో వ్రాసిన వ్యాసం నుండి ఒక ఆనవాయితీ ఏర్పడినది. ఒకే సాధనం ఉన్నప్పుడు మామూలు పరీక్షను అలాగే నమ్మవలెనంటే ఆ విలువ నూరు దాటవలెనని 2022లో వెలువడిన పరిశోధన హెచ్చరించింది.

మరొక సంగతి కూడా గమనించవలెను. సాధనం చెప్పే జవాబు అందరికీ వర్తించదు. ఆ సాధనం ఎవరిని కదిలించిందో వారికే వర్తిస్తుంది. గీడో ఇంబెన్స్, ఆంగ్రిస్ట్ 1994లో ఈ సత్యాన్ని స్పష్టపరిచారు. వారికి డేవిడ్ కార్డ్‌తో పాటు 2021లో నోబెల్ బహుమానం లభించింది. కావున రెండు సాధనాలు రెండు జవాబులిచ్చినప్పుడు ఒకటి అబద్ధమని వెంటనే తీర్మానించరాదు. అవి ఇద్దరు వేర్వేరు మనుషులను గురించి మాట్లాడుతూ ఉండవచ్చు.

ఇంతకూ మొదట ప్రస్తావించిన మాట సంగతి ఏమి? దానికి మన ఆదిలాబాదు నేలనుండియే కొంత జవాబు లభించింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 2006లో మొదటి విడతగా అమలైన జిల్లాలలో కరీంనగర్, ఆదిలాబాదు రెండూ ఉన్నవి. ఆనాటి ఆంధ్రప్రదేశ్‌లో ఆదిలాబాదుతో సహా ఎనిమిది జిల్లాలలో కూలి చెల్లింపులకు స్మార్ట్ కార్డులను ప్రవేశపెట్టినప్పుడు ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తరువాత అనేది లాటరీ పద్ధతిన నిర్ణయించారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్‌తంకర్ 157 మండలాలను పోల్చి చూచి 2016లోను, 2023లోను తమ నిర్ణయాలను ప్రకటించారు. చెల్లింపులు త్వరగా, దోపిడీ తగ్గి అందిన మండలాలలో లబ్ధిదారుల కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది. ఆ పెరుగుదలలో 86 శాతం పథకం నుండి కాక బయటి పనుల నుండి వచ్చినది. బయటి కూలి పెరిగింది. అంతేకాదు, బయటి పని కూడ పెరిగింది! ఉపాధి హామీవల్ల కూలీలు దొరకక పని ఆగిపోయిందనే విమర్శకు ఇది గట్టి సమాధానం. కూలిని అణచిపెట్టగల కొద్దిమంది యజమానుల పట్టు సడలినప్పుడు కూలి, పని రెండూ పెరగడం సాధ్యమని పరిశోధకులు వివరించారు. భూమి కొద్దిమంది చేతిలో ఎక్కువగా ఉన్న గ్రామాలలో పని పెరుగుదల మరింత కనబడిందని కూడ వారు గమనించారు.

అయితే న్యాయంగా ఒక మాట చెప్పవలెను. లాటరీ అంతటి స్వచ్ఛమైన సాధనం మరొకటి లేదు. ఐనను అది ‘ఆ సంస్కరణ ఏమి చేసింది’ అనే ప్రశ్నకే నేరుగా జవాబిస్తుంది. ‘కూలి ఒక శాతం పెరిగితే పని ఎంత శాతం మారును’ అనే వ్యాకోచత్వపు ప్రశ్నకు అది చాలదు. ఏలననగా ఆ సంస్కరణ కూలిని మాత్రమే గాక, చేతికందే డబ్బును, యజమానితో బేరమాడే ధైర్యాన్ని, ఊరిలోని కొనుగోళ్లను కూడ ఒక్కసారిగా మార్చింది. లాటరీకి సైతం దొడ్డిదారులున్నవి. ఎదుటివారి అభిప్రాయాన్ని ఖండించే ఉత్సాహంలో మన లెక్కకు లేని బలాన్ని ఆపాదించుకోరాదు.

ఈ కారణాలవల్ల మా అభిప్రాయం ఇది. అంచనా సూత్రాలను గురించిన వాదం అవసరమే, కాని సాధనమును గురించిన వాదం అంతకంటె ముఖ్యం. బలమైన, నిర్దోషమైన సాధనం ఉన్నచోట సూత్రాలన్నీ దగ్గరి జవాబులే ఇస్తాయి. దుర్బలమైన సాధనం ఉన్నచోట ఏ సూత్రమూ రక్షించదు. కావున పరిశోధకుడు ఒక్క అంకెను చూపి ఊరకుండక, సాధారణ పద్ధతి, రెండంచెల పద్ధతి, పరిమిత సమాచార పద్ధతి మూడింటి ఫలితాలనూ పక్కపక్కన ఉంచవలెను. అవి విడిపోతే ఎందుకు విడిపోయినవో చెప్పవలెను. అట్లు చేయని లెక్క ఆధారంగా ఒక బీడీ కార్మికురాలిని సోమరి అనడం అన్యాయం.

మన ముందు ఒక మంచి అవకాశమున్నది. తెలంగాణ ప్రభుత్వం 2015లో బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల జీవనభృతిని ప్రారంభించి, 2019లో దానిని 2,016 రూపాయలకు పెంచింది. ఈ భృతికి భవిష్యనిధి సభ్యత్వపు తేదీ ఒక హద్దుగా ఏర్పడింది. హద్దుకు కొంచెం ముందు చేరిన స్త్రీ, కొంచెం తరువాత చేరిన స్త్రీ పనిలోను, వయసులోను, అవసరంలోను దాదాపు సమానులు. ఒకరికి భృతి వచ్చింది, మరొకరికి రాలేదు. ఆ హద్దును సాధనముగా గ్రహిస్తే ఆదాయ ప్రభావాన్ని విడదీసి కొలవవచ్చు. భృతి అందుకున్నవారు నిజముగా పని తగ్గించారా, తగ్గిస్తే అది వృద్ధాప్యములో నడుము నొప్పికి దొరికిన విశ్రాంతియా, లేక తంబాకు దుమ్ము నుండి బిడ్డలను దూరంగా ఉంచడమా అనేది అప్పుడు తెలుస్తుంది.

ఈ పని హైదరాబాదు నుండియో, విదేశాల నుండియో వచ్చేవారికంటె మన విద్యార్థినులకు సులభం. బీడీలు చుట్టే ఇండ్లలో కొన్ని ఉర్దూ మాట్లాడతాయి, కొన్ని తెలుగు మాట్లాడతాయి. మన తరగతి గదులలో ఈ రెండు భాషలూ పక్కపక్కన కూర్చొని ఉన్నవి. పరదా గల ఇంటిలో ఒక విద్యార్థిని నిస్సంకోచంగా కూర్చొని గంటకు ఎన్ని బీడీలో లెక్కించగలదు. కళాశాల సంఘమువారు గణాంక విభాగానికి రెండు కంప్యూటర్లు, విద్యార్థినులకు బస్సు ఖర్చులు, ఒక సెలవుకాలపు శిక్షణ సమకూర్చగలిగితే చాలును; లెక్క కట్టే ఆర్ అను సాఫ్ట్‌వేరు ఉచితంగానే లభిస్తుంది. ఉర్దూ, తెలుగు, అర్థశాస్త్ర విభాగాల అధ్యాపకులు కలిసి ప్రశ్నావళిని రెండు భాషలలో సిద్ధపరచవచ్చు.

విద్యార్థి మిత్రులకు మా మనవి ఒక్కటే. ‘కూలి పెరిగితే పని మానుతారు’ అని ఎవరైనా అన్నప్పుడు కోపగించుకొనవలదు, తల ఊపవలదు. ‘అయ్యా, మీ సాధనమేది? అది ఏ ద్వారం గుండా వచ్చింది?’ అని వినయముగా అడుగవలెను. జవాబు లేనిచోట దానిని వెదకి తెచ్చే బాధ్యత చదువుకున్న మనపై ఉన్నది.